మా బావ నిద్రకు పెట్టిన పరీక్ష

పోయిన నెలలో మా బావ ఒక ఇంజనీరు గారి కోటుకు కుడిచేతి చివర మూసి కుట్టేశాడు. కుట్టు మాత్రం చాలా బాగుంది. ఎక్కడా వంకర లేదు, దారం రంగు గుడ్డలో కలిసిపోయింది. ఇంజనీరు గారు అద్దం ముందు నిలబడి ఎడమ చెయ్యి తొడిగారు, బయటికొచ్చింది. కుడి చెయ్యి తొడిగారు, రాలేదు. మళ్లీ తోశారు. కొంతసేపు లోపల వెతికారు. తర్వాత రెండు చేతులూ ముందుకు చాచి, పోల్చి చూసుకుని, "నా కుడిచెయ్యి ఇంత పొట్టిదని ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదే!" అన్నారు.

ఆ సమయానికి మా బావ మిషను మీద తల ఆన్చి నిద్రపోతున్నాడు.

మా బావ గురించి ఎవరు ఏ సంగతి చెప్పినా చివరి వాక్యం ఇదే. ఆయన మంచి దర్జీ, మా అక్క భర్త, బక్కపలచటి మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. అవన్నీ తర్వాత. ముందు నిద్ర. అందరూ నిద్రపోతారు, కాదనను. కానీ అందరూ పక్క దులుపుకుని, దీపం ఆర్పుకుని, అటు దొర్లి ఇటు దొర్లి, కష్టపడి నిద్రపోతారు. మా బావకు ఆ శ్రమ లేదు. మెడలో టేపు ఉండగానే, నోట్లో మాట సగం ఉండగానే, ఒక్కోసారి నిలబడి ఉండగానే నిద్రపోతాడు. ఆ సంగతి వీధి వీధంతటికీ తెలిసేలా గురక కూడా పెడతాడు.

ఆ గురకలో మూడు భాగాలున్నాయి. మొదట కత్తెర మందపాటి గుడ్డను కోస్తున్న చప్పుడు. తర్వాత మిషను తొక్కుతున్న చప్పుడు. చివర వేడి ఇస్త్రీ పెట్టె మీద నీళ్లు చిలకరించినట్టు 'స్స్స్స్'. నేను గ్రంథాలయంలో పనిచేస్తాను కాబట్టి నిద్రపోయేవాళ్లను నాకంటే ఎక్కువగా చూసినవాళ్లుండరు. పేపరు మొహం మీద కప్పుకునేవాళ్లు, లావుపాటి పుస్తకం తలకింద పెట్టుకునేవాళ్లు, కళ్లజోడు పెట్టుకుని కళ్లు తెరిచే నిద్రపోయేవాళ్లు, అందరూ నా చేతుల మీదుగా వెళ్లినవాళ్లే. అంత నిండైన గురక ఎవరి దగ్గరా వినలేదు.

మిఠాయి కొట్టాయన సంగతి చూడండి. ఆయన నడుం ఏటేటా పెరుగుతోంది. ఆయనకు తప్ప అందరికీ కనబడుతోంది. కొలతకు నిలబడగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునేవాడు. మా బావ టేపు చుట్టేవాడు, చుట్టి, అలాగే నిలబడి నిద్రపోయేవాడు. మనిషి ఎంతసేపని ఊపిరి బిగబడతాడు? "ఏవయ్యా, ఏవయ్యా" అని పిలిచి పిలిచి, చివరికి ఉస్సూరుమని వదిలేసేవాడు. పొట్ట తన నిజమైన చోటికి వచ్చేది. అప్పుడు మా బావ ఉలిక్కిపడి లేచి, టేపు వంక చూసి, "పోయినసారి ఎంతో ఇప్పుడూ అంతేనండీ" అనేవాడు. "చూశావా! నేనేం లావెక్కలేదని మా ఆవిడకు చెబితే వినదే" అనుకుంటూ ఆయన వెళ్లిపోయేవాడు. విచిత్రమేమిటంటే, ప్యాంటు కుట్టి ఇచ్చాక నడుం దగ్గర అతికినట్టు సరిపోయేది.

మాట్లాడుకోని అన్నదమ్ములిద్దరు ఒకేరోజు బట్టలు తీసుకోవడానికి వచ్చి షాపులో బల్లకు చెరో చివరా కూర్చున్నారు. మా బావ నిద్రలో పడ్డాడు. లేపడానికి ఇద్దరికీ మొహమాటం. కాసేపటికి పెద్దాయన "ఆ ఫ్యాను వెయ్యి" అన్నాడు గోడతో. "స్విచ్చి నీ పక్కనే ఉంది" అన్నాడు చిన్నాయన గుమ్మంతో. అక్కణ్ణించి మొదలై తిట్టుకున్నారు, ఏడ్చుకున్నారు, చివరికి ఒకే గొడుగులో వెళ్లారు. మా బావ ఆ సాయంత్రం దాకా గురకపెడుతూనే ఉన్నాడు.

నా సంగతి కూడా చెప్పేస్తాను. పై ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందంటే, ఇంట్లో అందరూ నవ్వుతారని, ఆ షాపు అద్దం ముందు నిలబడి ప్రాక్టీసు చేశాను. తలుపు తోసినట్టు నటించి లోపలికి వచ్చాను. కుర్చీ లేని చోట కూర్చోబోయాను. చివర కృతజ్ఞతలు చెబుతూ గద్గద స్వరంతో కళ్లు కూడా తుడుచుకున్నాను. మా బావ నిద్రపోతున్నాడు కాబట్టి పరువు దక్కింది అనుకున్నాను.

ఇలా ఏళ్ల తరబడి సాఫీగా సాగిపోతున్న నిద్ర, ఈ మధ్య కొన్ని నెలలుగా దారి తప్పింది. మనిషి కళ్లకింద నల్లబడింది. చొక్కా జేబు తలకిందులుగా కుట్టాడు. ఒకే లంగాకు రెండు నడుములు పెట్టాడు. మెట్లెక్కి వచ్చి, ఎందుకొచ్చానని మెట్లనే అడిగాడు. ఆ తర్వాతే ఇంజనీరు గారి చెయ్యి.

"నువ్వు పక్కనే కూర్చుని కాజాలు కుడుతున్నావు కదే! చూసుకోవద్దూ?" అన్నాను మా అక్కతో.

"గురక వినబడలేదురా! గురక లేదు కాబట్టి పనిలో ఉన్నారనుకున్నాను. నిద్రపోతే ఆయన దాచుకునే మనిషా?" అంది అక్క.

ఆ వారంలోనే సూది ఆయన చూపుడువేలి గోరులోంచి దిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అప్పుడు కూడా గురక లేదు. "వేలిదేముందే, గుడ్డ మీద మచ్చ పడలేదు, అదీ అదృష్టం" అన్నాడు బావ. మా అక్క మిషను బెల్టు ఊడదీసి, చుట్టచుట్టి, ఇంటికి తెచ్చి మా అమ్మ చేతికిచ్చింది.

"అమ్మా, ఇది నీ తలగడ కింద పెట్టు. ఈయనకు ఎందుకిలా నిద్ర ముంచుకొస్తోందో డాక్టరు తేల్చి చెప్పేదాకా ఆ మిషను తిరగదు. ఈసారి వేలు, రేపు ఇంకేమిటో! నాన్న కూడా అలసట అలసట అంటూనే..." అని ఆగిపోయింది. బెదిరింపు మధ్యలో ఆగే రకం కాదు మా అక్క. అందుకని అందరికీ భయం వేసింది.

షాపుకు తాళం పడింది. బడిపిల్లల యూనిఫారాలు కత్తిరించినవి కత్తిరించినట్టే పడి ఉన్నాయి. బెల్టు లేని మిషను ముందు కూర్చుని వద్దామని మా బావ రోజుకోసారి వెళ్లేవాడు.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. ఆమె బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయింది. ఆమె 'అటెన్షన్' అంటే వీధిలో పోయే సైకిళ్లు కూడా ఆగేవి. బాత్రూములో జారిపడి, తుంటికి ఆపరేషన్ అయ్యాక, కోలుకోవడానికి అక్కా వాళ్లింటికి వచ్చింది. ఎముక అతుక్కుంది. నడక రావాలి. దానికి వాకరొకటి ఇచ్చారు. మా అమ్మ దాన్ని తువ్వాళ్లు ఆరేసుకోవడానికి వాడుతోంది.

"అది పట్టుకుని నాలుగు అడుగులు వెయ్యమ్మా" అంటే, "వందలమంది పిల్లల్ని కవాతు చేయించినదాన్ని, మీ ముందు బుడిబుడి అడుగులు వెయ్యనా? నాకెప్పుడు నడవాలనిపిస్తే అప్పుడు నడుస్తాను. పొండి" అనేది. నడిపించడానికి వచ్చిన వ్యాయామం ఆయన చేత రెండోరోజు నుంచీ గుంజీళ్లు తీయించడం మొదలుపెట్టింది. ఆయన మళ్లీ రాలేదు.

అల్లుడి గురక అంటే ఆమెకు పడేది కాదు. "రోడ్డు రోలరు" అని పేరు పెట్టింది. ఈ మధ్య రాత్రిళ్లు కూడా గురకేనని అక్క చెవుల్లో దూది పెట్టుకుని గదిలో తలుపేసుకుంటుంది కాబట్టి మా బావ పడక హాల్లో. అమ్మ గది తలుపు కూడా ఆ హాల్లోకే.

సరే, మందుల డాక్టరు చూసి, రక్తంలో ఏమీ లేదు, గుండె బాగుంది, నిద్రలోనే ఏదో ఉంది, నిద్ర పరీక్ష చేయించండి అన్నాడు. ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోవాలి, నిద్రలో మనిషికేమవుతోందో యంత్రం చూస్తుంది.

"పరీక్షల్లో నిద్రపోతున్నానని బడి మాన్పించారు బావమరిదీ! ఇప్పుడు నిద్రకే పరీక్షంట. ఇది ఆ రోజుల్లో ఉంటే ఫస్టున పాసయ్యేవాణ్ణి" అన్నాడు బావ.

సాయంత్రం నేనే తీసుకెళ్లాను. గది హోటలు గదిలా ఉంది. మంచం, తెల్ల దుప్పటి, గోడకు ఎక్కడిదో తెలియని సముద్రం బొమ్మ. మంచం తలవైపు మాత్రం రంగురంగుల తీగల కట్ట ఒకటి వేలాడుతోంది. గాజు కిటికీ అవతల కంప్యూటరు తెరలు. రాత్రి డ్యూటీ ఆవిడ నడివయసు మనిషి. చేతిలో జిగురు డబ్బా పట్టుకుని వచ్చి మా బావ తల మీద పాయలు తీసి తీగలు అతికించడం మొదలుపెట్టింది. తలకు, గడ్డానికి, కాళ్లకు, కళ్ల పక్కన తీగలు. ముక్కు కింద గొట్టం. వేలికి క్లిప్పు. ఛాతీ చుట్టూ ఒక పట్టీ.

మా బావకు ఆ పట్టీ నచ్చలేదు. "అమ్మా, దీని అంచు ఊడిపోయింది. సూదీ దారం ఉందా?"

"ఇక్కడ ఇంజెక్షన్ సూదులే ఉంటాయి సార్."

మా బావ చొక్కా కాలరు మడతలోంచి తన సూది తీశాడు. సగం తీగలతో మంచం మీద కూర్చుని ఆ పట్టీని కుట్టి ఇచ్చాడు. ఆవిడ మురిసిపోయి స్టోరు రూములోంచి ఇంకో పట్టీ తెచ్చింది. అదీ కుట్టాడు.

"ఈ ఎర్ర తీగ దేనికమ్మా?" అనడిగాడు.

"మెదడుది సార్. మీరు నిద్రపోయారో, మెలకువగా ఉన్నారో చెప్పేస్తుంది."

"చెప్పేస్తుందా?"

"చెప్పేస్తుంది సార్. కళ్లు మూసుకుని పడుకున్నా దాన్ని మోసం చేయలేరు."

మా బావ మొహం నీళ్లలో ముంచిన కొత్త గుడ్డలా కొద్దిగా కుంచించుకుపోయింది. అప్పుడు నాకు అర్థం కాలేదు. జిగురు చల్లగా తగిలిందేమో అనుకున్నాను.

ఆవిడ దీపం తగ్గిస్తూ నిట్టూర్చింది. "మీరైనా హాయిగా పడుకోండి సార్. ఈ వారమంతా నా డ్యూటీలో పడుకున్నవాళ్లెవరూ కన్నార్పలేదు. కొత్తచోటంటారు, తీగలంటారు. తెల్లారి చూస్తే రిపోర్టులో ఏమీ ఉండదు. నేనే సరిగా చూసుకోవడం లేదని డాక్టరమ్మ అదోలా చూస్తోంది."

"అయ్యో, మీరు దిగులుపడకండమ్మా! నా సంగతి మీకు తెలీదు" అన్నాడు బావ. నేను చెప్పులు వేసుకుని గుమ్మం దాటేలోపే కత్తెర చప్పుడు మొదలైంది. ఆవిడ మొహం వెలిగిపోయింది. నేను కూడా గర్వంగా ఇంటికెళ్లాను.

పొద్దున నేను వెళ్లేసరికి ఆ వెలుగు లేదు. ఆవిడ జుట్టు చెదిరిపోయి ఉంది. డాక్టరమ్మ తెర ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"మీరు ఈయనకు ఏమవుతారు?" అంది నన్ను చూసి.

"బావమరిదినండీ."

"మీ బావగారు రాత్రంతా గురకపెట్టారు."

"అది మాకు తెలుసండీ."

"రాత్రంతా మెలకువగా ఉన్నారు."

"రెంట్లో ఏదో ఒకటి చెప్పండి డాక్టరమ్మా" అన్నాను.

"రెండూ! గురక రికార్డయింది. మెదడు చూస్తే మీకన్నా, నాకన్నా మెలకువగా ఉంది. ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటిది చూడలేదు" అంది ఆమె. కోపం లేదు. కొత్త రకం సీతాకోకచిలుకను చూసినట్టు చూస్తోంది.

"యంత్రం పాడైందనుకున్నానండీ. లోపలికి వెళ్లి తీగలన్నీ మార్చాను. మారుస్తుంటే గురకపెడుతూనే తల ఇటు తిప్పారు, అటు తిప్పారు. జిగురు అందడం లేదంటే డబ్బా కూడా అందించారు. గురక మాత్రం ఆపలేదు!" అంది డ్యూటీ ఆవిడ ఏడుపు గొంతుతో.

మా బావ మంచం మీద కూర్చుని దుప్పటి అంచు కుట్టు పరీక్షగా చూసుకుంటున్నాడు. "పాపం, ఆవిడ డ్యూటీలో ఎవరూ నిద్రపోవడం లేదని బాధపడింది కదా..." అన్నాడు మెల్లగా.

డాక్టరమ్మ వదలలేదు. ఆ పగలంతా ఉంచేసి, మధ్యమధ్య పడుకోబెట్టి చూస్తానంది. డ్యూటీ ఆవిడ ఇంటికి వెళ్లిపోయింది. గదిలో ఎవరూ లేరు. ఎవరూ ఏమీ కోరలేదు. మా బావ తలగడ మీద తల పెట్టాడు. నేను గాజు కిటికీ ఇవతల నిలబడి కత్తెర చప్పుడు కోసం చూస్తున్నాను. చప్పుడు లేదు. చిన్న ఈల కూడా లేదు. పిల్లి పడుకున్నట్టు పడుకున్నాడు.

"ఇది నిద్ర! తల ఆనగానే పట్టేసింది" అంది డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టి.

"గురక ఏదండీ?"

"ఈయనకు గురక లేదు. గురకపెడుతున్నారంటే మెలకువగా ఉన్నారన్నమాట. చప్పుడు లేదంటే నిజంగా నిద్రపోతున్నారన్నమాట."

నాకు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. మిఠాయి కొట్టాయన పొట్ట, అన్నదమ్ముల ఏడుపు, ఆయన నిద్రపోతుండగా గుట్టుగా చిరుగు బట్టలు బల్ల మీద పెట్టి వెళ్లిన పెద్దమనుషులు, అద్దం ముందు కళ్లు తుడుచుకున్న నేను... ఈ వార్త బయటికి పొక్కితే సగం వీధి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోవాల్సిందే.

చివరిసారి లేపి, డాక్టరమ్మ ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. "మీకు జబ్బేమీ లేదు. ఊపిరి బాగుంది, గుండె బాగుంది. మీకున్నది నిద్రలేమి. ఇంట్లో రాత్రిళ్లు మీరు నిద్రపోవడం లేదు. అందుకే పగలు మిషను మీద నిజం నిద్ర వచ్చేస్తోంది. రాత్రిళ్లు ఏం చేస్తున్నారు?"

మా బావ ఆమె వంక చూశాడు. నా వంక చూశాడు. సముద్రం బొమ్మ వంక చూశాడు. తర్వాత తల మెల్లగా పక్కకు వాల్చి గురక మొదలుపెట్టాడు.

"సార్, తీగలింకా తీయలేదు" అంది డాక్టరమ్మ తెర చూపిస్తూ.

గురక 'స్స్స్' దగ్గర ఆగిపోయింది.

బస్సులో వస్తుంటే నేను ఉండబట్టలేకపోయాను. "బావా, ఆ రోజు షాపులో నేను అద్దం ముందు..."

"ఏ రోజు?" అన్నాడు మరీ తొందరగా. కిటికీలోంచి బయటికి చూస్తూ, "కళ్లు తుడుచుకునే చోట కొంచెం తొందరపడ్డావు బావమరిదీ. మిగతాదంతా బాగుంది" అన్నాడు.

"ఎందుకు బావా ఇదంతా?"

"మనుషులకు ఎవరూ చూడని చోటు కాస్త కావాలోయ్. మా షాపు చూస్తే ఇరుకు. నేను బయటికి వెళ్తే పనాగిపోతుంది. అందుకని కళ్లు మూసుకుంటాను."

"మరి రాత్రిళ్లు ఎవరి కోసం?"

గురక. తీగలు లేవు కాబట్టి నేనేం చేయలేకపోయాను.

ఇంట్లోకి అడుగుపెట్టగానే అమ్మ మంచం మీంచే అందుకుంది. "వచ్చారా! రాత్రి ఇల్లు ఇల్లులా లేదు. ఒక్క చప్పుడు లేదు. నాకు తోచక పిచ్చెక్కింది."

"రోడ్డు రోలరు లేకపోతే నీకు సుఖమే కదమ్మా" అన్నాను. అమ్మ తలుపు వంక చూసింది.

అక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "ముందు ఇది చెప్పు. గుండె... గుండె బాగానే ఉందా?"

"గుండె భేష్. జబ్బే లేదంట. మెలకువగా ఉండి గురకపెడుతున్నాడంట. నిజంగా నిద్రపోతే గురకే ఉండదంట. రాత్రిళ్లు మన ఇంట్లో ఏదో పని మీద మేలుకుని ఉంటున్నాడంట" అన్నాను, ఒకే ఊపిరిలో.

అక్క ఊపిరి పీల్చుకుంది. పీల్చుకున్న ఊపిరితోనే మొదలుపెట్టింది. "రాత్రిళ్లు ఏం పనండీ మీకు? హాల్లో ఏముంది? ఒక కుర్చీ, ఒక గడియారం! చెప్పండి."

"ఏం లేదే... కొత్త రకం కాలరు గురించి ఆలోచిస్తూ..."

"నెలల తరబడి కాలరు గురించా?"

"పెద్ద కాలరు."

"చూడండి. డాక్టరమ్మ ఏమంది? రాత్రి నిద్రపోతే పగలు బాగుంటారు. ఎందుకు నిద్రపోవడం లేదో చెప్పండి, బెల్టు ఇప్పుడే ఇచ్చేస్తాను. చెప్పకపోతే మిషను అమ్మేస్తాను. మీ వేళ్లకన్నా నాకు షాపు ఎక్కువ కాదు."

మా బావ తన చేతుల వంక చూసుకున్నాడు. కట్టు ఉన్న వేలిని మిగతా వేళ్లు పట్టుకున్నాయి. ఆ మిషను తన పెళ్లిచూపుల కన్నా ముందునుంచీ ఉందని ఆయన అందరికీ చెప్పుకుంటాడు. నాకు తెలిసి ఆయన అక్కతో కన్నా ఎక్కువగా మాట్లాడింది దానితోనే.

"సరేనే. అమ్మేద్దాం" అన్నాడు.

 గదిలో అమ్మ మంచం కిర్రుమంది.

అమ్మ లేచింది. వాకరు మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి, దాని వంక కూడా చూడలేదు. తలగడ కింది నుంచి బెల్టు తీసి మణికట్టుకు చుట్టుకుంది. గోడ పట్టుకుంది. గోడ వదిలేసింది. ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు. పెదవులు కదులుతున్నాయి. లెఫ్ట్, రైట్ అంటోందని దగ్గరికొచ్చాక తెలిసింది.

నేను పరిగెత్తబోయాను. మా బావ నా చొక్కా పట్టుకుని ఆపాడు. ఆపి, ఏం చేశాడనుకున్నారు? కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, గురక మొదలుపెట్టాడు. కత్తెర, మిషను, ఇస్త్రీ పెట్టె. లెఫ్ట్, రైట్. గురకకు తగ్గట్టు అడుగు, అడుగుకు తగ్గట్టు గురక. ఇది వాళ్లిద్దరికీ కొత్త కాదని చూస్తున్న మాకు ఇట్టే తెలిసిపోయింది. రోజూ రాత్రి ఆ హాల్లో అమ్మ ఎవరి కంటా పడకుండా నడక నేర్చుకుంటోంది. గురక వినబడినంతసేపూ నడుస్తోంది. ఆయన ఒక్క చెవి అడుగుల మీద వేసి, పడితే పట్టుకోవడానికి, తెల్లవార్లూ గురకపెడుతున్నాడు.

గడప దగ్గర అమ్మ కొంచెం తూలింది. గురక టక్కున ఆగింది. నిలదొక్కుకుంది. మళ్లీ అందుకుంది గురక.

అమ్మ హాలు దాటి ఆయన ముందుకొచ్చి నిలబడింది. "కళ్లు తెరువు నాయనా" అంది.

గురక సాగుతూనే ఉంది.

"అటెన్షన్!"

మా బావ దిగ్గున లేచి నిలబడ్డాడు. అక్క, నేను అప్పటికే నిలబడి ఉన్నాం, అయినా ఇంకొంచెం నిలబడ్డాం.

"నువ్వు నిద్రపోతున్నావని నేను, నేను నడవడం లేదని వీళ్లు! అందరం బాగానే ఉన్నాం. పాపం నీ వేలికే తగిలింది" అంది అమ్మ. గొంతు గరుగ్గానే ఉంది, చెయ్యి మాత్రం ఆయన భుజం మీదికి వెళ్లింది. అది ఆసరా కోసం కాదు. "ఇక పగలే నడుస్తాను. మీరందరూ చూడొచ్చు. నవ్వినవాళ్ల చేత హాలు చుట్టూ పరుగు తీయిస్తాను." అంటూ మణికట్టు మీంచి బెల్టు విప్పి ఆయన చేతిలో పెట్టింది.

"అది కాదు అత్తయ్యా, మీరు వెనక్కి తిరిగేటప్పుడు ఎడమ కాలు..." అన్నాడు బావ.

"అది కూడా విన్నావా?"

"మొదట్లో ఈడ్చేవారు. ఇప్పుడు బాగా ఎత్తుతున్నారు."

అమ్మ ఎప్పుడూ నవ్వే మనిషి కాదు. అందుకని ఆ వచ్చినదాన్ని దగ్గుగా మార్చేసుకుంది. అక్క చాటుగా కళ్లు తుడుచుకుంటుంటే, చూడకుండా ఉండటానికి నేను గడియారం వంక చూశాను. మా బావ సంగతి చెప్పక్కర్లేదు, కళ్లు మూసుకోబోయి, ఎర్ర తీగ గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు.

బెల్టు పుచ్చుకుని ఆయన గుమ్మం దాటబోతుండగా అక్కకు ఏదో తట్టింది. చెంగు చేతిలోనే ఉంది, మొహం మాత్రం మారిపోయింది.

"ఉండండి! పెళ్లయినప్పటి నుంచీ మధ్యాహ్నం భోజనాలయ్యాక మీరు గురకపెడుతుంటే, నిద్రపోతున్నారు కదా అని నా గోడంతా మీ పక్కన కూర్చుని చెప్పుకున్నాను. మీ చెల్లెళ్ల మీద చెప్పాను, ఈ తమ్ముడి మీద చెప్పాను, మీ మీద మీకే చెప్పాను! అంటే అదంతా విన్నారన్నమాట! ఇది న్యాయమేనా?"

మా బావ చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ అన్నాడు:

"నీ మాట వినబడాలనే కదే, నీ పక్కన మాత్రం అంత మెల్లగా గురకపెట్టింది!"